క్లయింట్ మెయిళ్లకు జవాబు రావట్లేదా? ముందు ఆఖరి వాక్యాన్ని పైకి తీసుకురండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: హైదరాబాద్‌లో ఒక సపోర్ట్ టీమ్‌లో కొత్తగా చేరారు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. అమెరికా క్లయింట్‌కి మెయిల్ పెడితే జవాబు రాదు, వచ్చినా "మా నుంచి మీకేం కావాలి?" అని వస్తుంది. మేనేజర్ "కాస్త ప్రొఫెషనల్‌గా రాయి" అంటారు గానీ ఎలా రాయాలో చెప్పరు. అందుకని ఇంగ్లీషు కోర్సులో చేరాలా అని అడిగారు.

అక్కర్లేదు. మీరు పెట్టిన నమూనా మెయిల్‌లో వ్యాకరణం తప్పులు ఒకటి రెండు ఉన్నాయి, వాటివల్ల అర్థం చెడలేదు. చెడింది వరస. మీరు అడగదలుచుకున్న మాట అన్నింటికన్నా చివర్న ఉంది, అదీ స్పష్టంగా లేదు. ఎవరు, ఏం చేయాలి, ఎప్పటిలోగా: ఈ మూడూ మొదటి రెండు వాక్యాల్లో రావాలి. జరిగిన కథ ఆ తర్వాత. ముందు ఇది సరిచేసుకోండి, ఇంగ్లీషు మెరుగులు మెల్లగా దిద్దుకోవచ్చు.

ఈ వరస మనకు బడిలోనే అలవాటైపోయింది. లీవ్ లెటర్ గుర్తు తెచ్చుకోండి: "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" అని కారణంతో మొదలుపెట్టి, "దేర్‌ఫోర్ ఐ రిక్వెస్ట్ యూ" అని ఆఖర్న అడుగుతాం. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడూ అంతే, ముందు కుశలం, ఆపైన సంగతులు, అప్పుడు వచ్చిన పని. ఎదురుగా కూర్చుని వినే మనిషి దగ్గర అది మర్యాదే. మెయిల్ చదివే మనిషి మాత్రం పొద్దున లేచి ఫోన్ తెరిచేసరికి మన పగలంతా వెళ్లిన మెయిళ్లు గుట్టగా ఉంటాయి. ఒక్కో మెయిల్‌కి సబ్జెక్టూ, దాని కింద ఒకటి రెండు లైన్లూ కనిపిస్తాయి. ఆ లైన్లలో "హోప్ యూ ఆర్ డూయింగ్ వెల్", "దిస్ ఈజ్ విత్ రెఫరెన్స్ టు" అని ఉంటే తన పనేమీ లేదనుకుని కిందికి జరిపేస్తారు. మిమ్మల్ని పట్టించుకోకపోవడం కాదు, పట్టించుకోవాల్సింది వాళ్ల కంటికి ఆనలేదు.

మీ మెయిల్‌నే తీసుకుందాం. అసలు మెయిల్ ఇంగ్లీషులోనే వెళ్తుంది, వరస తెలియడానికి ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. అందులో బ్యాచ్ జాబ్ అంటే కంప్యూటర్ తనంతట తాను వరసగా చేసే పని, లాగ్స్ అంటే ఆ పని నడిచిన నమోదు, ఎస్‌ఎఫ్‌టీపీ ఫోల్డర్ అంటే రెండు కంపెనీలు ఫైళ్లు భద్రంగా ఇచ్చిపుచ్చుకునే చోటు. మీరు రాసిన దాని సారాంశం ఇది:

"నిన్న రాత్రి బ్యాచ్ జాబ్ మొదలైంది. మొదటి స్టెప్ అయ్యాక రెండో స్టెప్‌లో ఫెయిలైంది. మా టీమ్ లాగ్స్ చూసింది. ఎస్‌ఎఫ్‌టీపీ ఫోల్డర్‌లో ఆర్డర్ ఫైల్ లేదు. గత నెలలో కూడా ఇలాగే జరిగింది. ఇది చాలా అర్జెంట్. దయచేసి చూసి అవసరమైనది చేయగలరు."

అవసరమైనది అంటే ఏది? ఫైల్ పంపాలా, ఎందుకు రాలేదో కనుక్కోవాలా, మీరు మళ్లీ జాబ్ నడపడానికి ఒప్పుకోవాలా? To లో నలుగురు ఉన్నారు, అందులో ఎవరు? అదే మెయిల్‌ని ఇలా మార్చండి:

సబ్జెక్ట్: జూన్ 12 ఆర్డర్ ఫైల్ మళ్లీ పంపాలి, ఈరోజు న్యూయార్క్ టైమ్ ఉదయం 11 లోగా

"ఈరోజు ఉదయం 11 లోగా మీ నుంచి రెండు పనులు కావాలి.
1. జూన్ 12 ఆర్డర్ ఫైల్‌ని ఎస్‌ఎఫ్‌టీపీ ఫోల్డర్‌లో మళ్లీ పెట్టండి.
2. ఆ ఫైల్‌తో జాబ్ మళ్లీ నడపడానికి మీకు సమ్మతమేనని ఈ మెయిల్‌కి రిప్లై ఇవ్వండి.
11 దాటితే మధ్యాహ్నం 1 గంటకు తయారయ్యే ఇన్వాయిస్‌లలో జూన్ 12 ఆర్డర్లు ఉండవు.
జరిగింది: జాబ్ రాత్రి 2:00కి మొదలై, ఫైల్ లేనందున 2:04కి ఆగింది. మిగతా జాబ్‌లన్నీ మామూలుగా పూర్తయ్యాయి. ఎర్రర్ లైన్ కింద ఇచ్చాను. టైమ్‌లన్నీ న్యూయార్క్‌వి."

ఇందులో "అర్జెంట్" అనే మాట ఎక్కడా లేదు. 11 దాటితే ఏం పోతుందో చెప్పిన వాక్యం ఆ పని చేస్తోంది. అందరూ అన్నింటికీ అర్జెంట్ అనే రాస్తారు కాబట్టి దానికి విలువ పోయింది, నష్టం ఏమిటో రాస్తే ఎవరైనా కదులుతారు. "మిగతా జాబ్‌లన్నీ మామూలుగా పూర్తయ్యాయి" అన్న చిన్న వాక్యాన్ని కూడా తీసేయకండి. అది లేకపోతే "ఇంకేమైనా దెబ్బతిన్నాయా?" అని ఒక మెయిల్ వస్తుంది, దానికి మీరు జవాబిచ్చేసరికి మీకు అర్ధరాత్రి అవుతుంది. మన పగలు వాళ్ల రాత్రి కాబట్టి ఒక్క ప్రశ్న మిగిలిపోయినా ఒక రోజు పోతుంది. పంపేముందు, చదివిన మనిషి తిరిగి అడగబోయే మొదటి ప్రశ్న ఏమిటో ఊహించి, దాని జవాబు కూడా అందులోనే పెట్టండి.

సబ్జెక్ట్ లైన్ గురించి ఒక మాట. "ఇష్యూ", "అప్‌డేట్", "రిగార్డింగ్ ఫైల్" లాంటివి మూడు నెలల తర్వాత వెతికితే దొరకవు. పని, వస్తువు, గడువు పెట్టండి, టికెట్ నంబర్ (ఆ సమస్యకు ఇచ్చిన నమోదు సంఖ్య) ఉంటే అదీ. విషయం మారితే సబ్జెక్ట్ కూడా మార్చాలి. అడ్రస్‌లు మళ్లీ టైప్ చేయడం ఎందుకని పాత మెయిల్ తెరిచి దానికే రిప్లై కొట్టి కొత్త సంగతి రాయడం ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించే అలవాటు, ప్రమాదమైనది కూడా. ఆ పాత మెయిల్ అడుగున మీ టీమ్ తనలో తాను మాట్లాడుకున్నదీ, రేట్ల చర్చా, క్లయింట్ మీద ఎవరో చేసిన వ్యాఖ్యా ఉండొచ్చు. బయటివాళ్లకు ఫార్వర్డ్ చేసే ప్రతిసారీ చివరిదాకా స్క్రోల్ చేసి చూడండి.

To, సీసీ, బీసీసీ. పని చేయాల్సినవాళ్లు To లో, తెలిస్తే చాలనుకున్నవాళ్లు సీసీలో. To లో ఒక్కరే ఉండటం మేలు. ఇద్దరు ముగ్గురు తప్పదంటే మెయిల్‌లో ఒక్కొక్కరి పేరూ రాసి, పక్కన ఆ మనిషి చేయాల్సింది రాయండి. నలుగురిని పెట్టి "టీమ్, ప్లీజ్ చెక్" అంటే నలుగురూ మిగతా ముగ్గురు చూస్తారనుకుంటారు.

సీసీలో పైవాళ్లను చేర్చడాన్ని మన దగ్గర తేలిగ్గా తీసుకుంటాం. అటువైపు అది ఫిర్యాదులా కనిపిస్తుంది. మొదటి మెయిల్‌లోనే క్లయింట్ మేనేజర్‌ని సీసీలో పెడితే, రేపు నిజంగా అవసరం వచ్చినప్పుడు మీ దగ్గర ఇంకో మెట్టు మిగలదు. ముందు ఆ మనిషికే రాయండి, తర్వాత చాట్‌లోనో ఫోన్‌లోనో అడగండి, అప్పటికీ కదలకపోతే మీ మేనేజర్‌కి చెప్పి, ఆయన ద్వారానో ఆమె ద్వారానో పైకి తీసుకెళ్లండి. ఎవరినైనా మధ్యలో చేర్చినప్పుడు "ఫలానా వారిని చేర్చాను, ఎందుకంటే" అని మొదటి లైన్లో చెప్పడం పద్ధతి.

బీసీసీ (మిగతావాళ్లకు కనిపించకుండా కాపీ పంపే గడి) విషయానికొస్తే, ఒకరికి తెలియకుండా ఇంకొకరికి చూపించడానికి వాడకండి. చాటుగా పెట్టిన మనిషి పొరపాటున రిప్లై ఆల్ కొడితే మొత్తం బయటపడుతుంది. వందమందికి ఒకే సమాచారం పంపేటప్పుడు వాళ్ల అడ్రస్‌లు ఒకరివి ఒకరికి కనిపించకుండా వాడండి, సరిపోతుంది.

ఇప్పుడు తేదీలు, గంటలు. మంచి ఇంగ్లీషు వచ్చినవాళ్లు కూడా ఇక్కడ పడిపోతుంటారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. 05/06 అంటే మనకు జూన్ 5, అమెరికావాళ్లకు మే 6. నెల పేరు అక్షరాల్లో రాయండి, గొడవే ఉండదు. "ఈఓడీ" (ఎండ్ ఆఫ్ డే, అంటే ఆ రోజు పని ముగిసేలోగా) అనకండి. న్యూయార్క్‌లో శుక్రవారం సాయంత్రం 6 అంటే వేసవిలో మనకు శనివారం తెల్లవారుజాము 3:30. ఎవరి సాయంత్రమో చెప్పకపోతే "శుక్రవారం ఈఓడీ" మాట ఇద్దరికీ వేర్వేరు రోజుల్లో తీరుతుంది.

అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. అందుకే న్యూయార్క్‌తో మన తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. డాలస్ న్యూయార్క్ కంటే ఒక గంట వెనక, కాలిఫోర్నియా మూడు గంటలు వెనక. అరిజోనాలో, నవాజో ప్రాంతం తప్ప, గడియారం అసలు మార్చరు. బ్రిటన్ మార్చేది మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబర్ ఆఖరి ఆదివారం. కాబట్టి మార్చిలో కొన్ని వారాలు లండన్, న్యూయార్క్, హైదరాబాద్ ముగ్గురూ కలిసే కాల్ ఎవరో ఒకరికి గంట తేడా కొడుతుంది. వేసవిలో కూడా అలవాటుగా "ఈఎస్‌టీ" (ఈస్టర్న్ స్టాండర్డ్ టైమ్) అని రాసేస్తుంటారు, కచ్చితంగా చూస్తే అది చలికాలపు టైమ్. "న్యూయార్క్ టైమ్" అని ఊరి పేరు పెట్టి, పక్కన మన టైమ్ కూడా రాస్తే సరి: "జూన్ 13 ఉదయం 11 న్యూయార్క్, రాత్రి 8:30 హైదరాబాద్."

లక్షలు, కోట్లు కూడా ఇలాంటివే. 2,50,000 అని కామాలు పెడితే అటువైపువాళ్లకు ఎక్కడో అంకె తప్పిపోయినట్టు అనిపిస్తుంది. 250,000 అని రాయండి. కోటి అంటే 10 మిలియన్.

మన ఆఫీసు ఇంగ్లీషులో కొన్ని మాటలు మనలో మనకు బాగానే నడుస్తాయి, బయటికి వెళ్తే తిరగబడతాయి. జవాబివ్వమనడానికి మనం "రివర్ట్" అంటాం, సాఫ్ట్‌వేర్‌లో మాత్రం "రివర్ట్" అంటే చేసిన మార్పుని వెనక్కి తీసేయడం. కోడ్ మార్పు గురించి రాసిన మెయిల్ చివర "ప్లీజ్ రివర్ట్" అంటే దాన్ని తీసేయమన్నట్టు చదివే అవకాశం ఉంది. "రిప్లై" అనండి. "ఐ హావ్ ఎ డౌట్" అంటే మీరు చెప్పింది నమ్మడం లేదన్నట్టు వినిపిస్తుంది, "క్వశ్చన్" అనండి. "ప్రీపోన్" (అనుకున్న టైమ్ కంటే ముందుకు జరపడం) బదులు ఏ టైమ్ నుంచి ఏ టైమ్‌కి మార్చాలో నేరుగా రాయండి.

తెలుగు నుంచి వచ్చే ఇంకో చిక్కు దాదాపు ఎవరూ గమనించరు. "జాబ్ ఇంకా పూర్తవలేదా?" అని అడిగితే మనం "అవును" అంటాం, అంటే పూర్తవలేదని. అదే అలవాటుతో ఇంగ్లీషులో "యెస్" అని రిప్లై కొడితే, పూర్తయిందని అనుకునేవాళ్లు ఉంటారు. "లేదా?", "కాదా?" అని ముగిసే ప్రశ్నకు యెస్, నో అని ఒక్క మాటలో జవాబివ్వకండి. "జాబ్ ఇంకా పూర్తి కాలేదు, ఉదయం 9కి పూర్తవుతుంది" అని నిండు వాక్యం రాయండి. క్లయింట్ నాలుగు ప్రశ్నలు అడిగితే నాలుగింటికీ, వాళ్ల ప్రశ్న కింద మీ జవాబు పెడుతూ వెళ్లండి. నాలుగోదానికి జవాబు తెలియకపోతే "దీనికి రేపు సాయంత్రం లోగా చెప్తాను" అని రాయండి. వదిలేస్తే అది తప్పించుకోవడంలా కనిపిస్తుంది.

చెడు వార్త చెప్పాల్సిన మెయిల్‌కి మాత్రం వేరే లెక్క ఉంది. ఏదో పడిపోయింది, లేదా చెప్పిన రోజుకి పని కాదు. అప్పుడు నాలుగు సంగతులు కావాలి: ఏం జరిగింది, ఎవరికి ఇబ్బంది, ఇప్పుడు ఎవరు ఏం చేస్తున్నారు, తర్వాతి సమాచారం ఎన్ని గంటలకి. ఈ నాలుగోదే జనం మర్చిపోతారు. "సాధ్యమైనంత త్వరగా" అంటే ఏమీ చెప్పనట్టే, క్లయింట్ అరగంటకోసారి అడుగుతూనే ఉంటారు. "ఉదయం 10కి మళ్లీ రాస్తాం" అని రాసి, 10కి కొత్త సంగతేమీ లేకపోయినా "ఇంకా వెతుకుతున్నాం, తర్వాత 11:30కి" అని రాయండి. తెలిసినదాన్నీ అనుమానాన్నీ కలపకండి. "డిస్క్ నిండింది" అనేది తెలిసినది, "నిన్నటి రిలీజ్ వల్ల కావచ్చు" అనేది అనుమానం. అనుమానాన్ని నిజంలా రాసి, అది తప్పని తేలితే తర్వాతి మెయిళ్లను ఎవరూ నమ్మరు. క్షమాపణ ఒక్కసారి చాలు, పైన. పేరాకొకటి పెడితే అసలు సమాచారం కనబడదు. ఇంకో టీమ్ పేరు పెట్టి తప్పు వాళ్లదని రాయకండి, ఆ మెయిల్ వాళ్ల దాకా వెళ్తుంది.

జవాబు రాకపోతే ఎన్నాళ్లు ఆగాలి? గడువు మీరే ఇచ్చారు కాబట్టి అది దాటేదాకా ఆగకుండా, కాస్త ముందే గుర్తుచేయండి. గడువు లేని మామూలు విషయమైతే వాళ్ల రెండు పనిదినాలు చాలు. థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ వారాల్లో ఇంకా ఎక్కువ. ఉత్త "జెంటిల్ రిమైండర్" అని పంపకండి. అదే త్రెడ్‌లో అడిగిన పనిని పూర్తి వాక్యంగా మళ్లీ రాయండి, పాత మెయిల్ వెతుక్కునే పని వాళ్లకు పెట్టకండి. రెండుసార్లు రాసినా కదలకపోతే మూడోది మెయిల్ కాకూడదు, ఫోన్ చేయండి.

"రేపటిలోగా జవాబు రాకపోతే మేం ఇలా చేస్తాం" అని రాయడం మంచి పద్ధతే, పని ఆగకుండా చూస్తుంది. కానీ మీ చేతిలో ఉన్న పనికే వాడాలి. రిపోర్ట్ పాత ఫార్మాట్‌లో పంపడం లాంటివి సరే. ప్రొడక్షన్‌లో (కస్టమర్లు నిజంగా వాడుతున్న సిస్టమ్‌లో) మార్పు, డబ్బు, డేటా తొలగించడం: వీటికి మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోకండి. స్పష్టంగా రాసిన అనుమతి లేకుండా ముట్టుకోవద్దు.

అటాచ్‌మెంట్ల దగ్గర జరిగేవి కొన్ని. ఎర్రర్‌ని స్క్రీన్‌షాట్‌గా మాత్రమే పెడితే దాన్ని కాపీ చేసి వెతకలేరు, ఆ లైన్‌ని అక్షరాలుగా కూడా పేస్ట్ చేయండి. జీమెయిల్‌లో అటాచ్‌మెంట్ హద్దు 25 ఎంబీ, దాటితే డ్రైవ్ లింక్ అవుతుంది. ఏ లింక్ పెట్టినా అవతలివాళ్లకు తెరిచే హక్కు ఇచ్చారా లేదా చూసుకోండి, లేకపోతే "యాక్సెస్ కావాలి" అన్న రిక్వెస్ట్‌తో ఒక రాత్రి పోతుంది. పాస్‌వర్డులు, కస్టమర్ల కార్డు నంబర్లు, ఆధార్, పాన్ లాంటివి మెయిల్‌లో పెట్టకండి, లాగ్ పేస్ట్ చేసేటప్పుడు అందులో దాగి ఉన్నాయేమో కూడా చూడండి. మెయిల్ సరిదిద్దమని ఏఐ టూల్‌కి ఇచ్చేటప్పుడూ ఇదే జాగ్రత్త, కంపెనీ అనుమతించిన టూల్ అయితేనే వాడండి. ఆ టూల్స్ తీపి మాటలు చేర్చి మెయిల్‌ని సాగదీస్తాయి. "సగానికి తగ్గించు, అడిగిన పని పైన పెట్టు" అని చెప్పి రాయించుకోండి.

పేరు సంగతి మీరు అడగలేదు గానీ మనవాళ్లకు అవసరం. మన ఇంటిపేరు ముందు వస్తుంది కాబట్టి కంపెనీ డైరెక్టరీలో అదే మొదటి పేరుగా ఎక్కిపోతుంటుంది, క్లయింట్ మిమ్మల్ని ఇంటిపేరుతో పిలుస్తుంటారు. సరిచేయించుకునేదాకా, మెయిల్ చివర మిమ్మల్ని ఎలా పిలవాలో ఆ ఒక్క పేరే రాయండి, పూర్తి పేరు దాని కింద సిగ్నేచర్‌లో ఉంటుంది. అమెరికా క్లయింట్‌ని "రెస్పెక్టెడ్ సర్" అనక్కర్లేదు, "హాయ్" అని మొదటి పేరు రాస్తే అక్కడ అదే మర్యాద. సర్ అని మొదలుపెడితే, చదివేది మహిళ అయినప్పుడు ఇబ్బంది కూడా. ఇక్కడి ప్రభుత్వ ఆఫీసుకో, బ్యాంకు మేనేజర్‌కో, కాలేజీకో రాసేటప్పుడు మాత్రం సర్, మేడమ్, గారు ఉంచండి. అడిగే పని పైన పెట్టడం అక్కడ కూడా పనికొస్తుంది, సంబోధన ఒక్కటే మారుతుంది.

కోపంగా ఉన్నప్పుడు, జీతం గురించో అప్రైజల్ గురించో తేడా వచ్చినప్పుడు, ఒకే సంగతి మీద మూడు మెయిళ్లు అటూ ఇటూ తిరిగినప్పుడు రాయడం ఆపి మాట్లాడండి. మాట్లాడాక అదే రోజు మూడు లైన్ల మెయిల్ పెట్టండి: ఏం అనుకున్నాం, ఎవరు చేస్తారు, ఎప్పటికి. "నేను తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దండి" అని చేర్చండి.

రాసే వరస కూడా మార్చుకోండి. ముందు ఫైల్ అటాచ్ చేయండి, తర్వాత మెయిల్ రాయండి, To అడ్రస్ అన్నింటికన్నా ఆఖర్న పెట్టండి. సగం రాసిన మెయిల్ చెయ్యి తగిలి వెళ్లిపోకుండా ఉంటుంది. జీమెయిల్ సెట్టింగ్స్‌లో అన్‌డూ సెండ్ మామూలుగా 5 సెకన్లుంటుంది, 30కి పెంచండి. క్లాసిక్ అవుట్‌లుక్‌లో అయితే ప్రతి మెయిల్ ఒకటి రెండు నిమిషాలు ఆగి వెళ్లేలా రూల్ పెట్టుకోవచ్చు. అవుట్‌లుక్‌లో ఉండే రీకాల్‌ని నమ్ముకోకండి, కంపెనీ దాటి క్లయింట్‌కి చేరిన మెయిల్‌ని అది వెనక్కి తేలేదు.